మా పై పోర్షన్‌లో జర్మనీ క్రిస్మస్

మా ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుంటున్న అమ్మాయిది జర్మనీ. డ్రెస్డెన్ దగ్గర ఒక చిన్న ఊరు. మిర్చి పని మీద గుంటూరు వచ్చింది. పోయినేడు డిసెంబర్‌లో ఇక్కడ మొదటిసారి క్రిస్మస్ చేసుకుంది. "ఆ జర్మనీ పిల్ల పండగ ఎలా చేసుకుంది టీచర్?" అని స్కూల్లో, చర్చిలో, చివరికి కూరగాయల బండి దగ్గర కూడా అడుగుతూనే ఉన్నారు. ముక్కలు ముక్కలుగా చెబుతుంటే ఎవరికీ సరిగ్గా అందడం లేదు. అందుకే మొత్తం ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు ఆ అమ్మాయి ఇక్కడికెందుకు వచ్చిందో చెప్పాలి. మావారు ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తారు. యూరప్‌కి మసాలా సరుకులు పంపే ఒక కంపెనీ మిర్చి అక్కడే నిల్వ ఉంటుంది. మిర్చి సరిగ్గా ఆరకపోతే బూజు పడుతుంది, ఆ బూజులోంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కిలోకి 10 మైక్రోగ్రాములు దాటితే యూరప్‌లో ఆ సరుకు అమ్మనివ్వరు. అందుకని ఈ అమ్మాయిని ఇక్కడ పెట్టారు. నేల మీద కాకుండా పట్టాల మీద ఆరబోయండని రైతులకి కళ్లాల దగ్గరికెళ్లి చెప్పడం, తేమ మీటరు పట్టుకుని టిక్కీల చుట్టూ, అంటే మిర్చి బస్తాల చుట్టూ, తిరగడం తన ఉద్యోగం. మిర్చిలో తేజ రకం ఏదో, 334 రకం ఏదో చూడగానే చెప్పేస్తుంది. గుప్పెడు కాయలు తీసి తాలు, అంటే రంగు పోయిన నాసిరకం కాయలు, ఎంత కలిసిందో అంచనా వేస్తే మావారి లెక్కకి దగ్గరగానే ఉంటుంది. తినడం మాత్రం చేతకాదు. మా ఇంట్లో టమాటా పప్పు తిన్న రోజు ముక్కు ఎర్రబడిపోయి, మంచినీళ్ల జగ్గు ఖాళీ చేసింది.

మా అత్తయ్య ఆ అమ్మాయిని దొరసాని అంటుంది. ఎంత చెప్పినా వినదు. అత్తయ్య పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలో. ఆ ఆసుపత్రిని 1898లో తెరిచిన డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చి, 1930లో ఇక్కడే కన్నుమూసింది. ఆవిడ పోయిన చాలా ఏళ్లకి అత్తయ్య పుట్టింది. అయినా వాళ్లమ్మ చెప్పిన కబుర్ల వల్ల తెల్లగా ఉండి, మగవాళ్లతో సమానంగా పనిచేసే ఆడమనిషి ఎవరు కనిపించినా అత్తయ్యకి దొరసానే. ఆ అమ్మాయి కూడా అలవాటు పడిపోయింది. "దొరసానీ, టీ తాగుతావా?" అంటే పైనుంచి "వస్తున్నా నానమ్మా" అని తెలుగులోనే అరుస్తుంది. మా అమ్మాయి దగ్గర నేర్చుకుంది.

మాది లూథరన్ కుటుంబం. మాకు క్రిస్మస్ అంటే డిసెంబర్ ఒకటో తారీకు నుంచే హడావుడి. స్కూల్లో సెమీ క్రిస్మస్, మావారి ఆఫీసులో సెమీ క్రిస్మస్, వీధిలో సెమీ క్రిస్మస్, లీడర్లు ఫంక్షన్ హాల్లో పెట్టే సెమీ క్రిస్మస్. అన్నిచోట్లా కేకు కట్ చేయడం, శాలువాలు కప్పడం, ఫొటోలు. అసలు పండగ నాటికి కేకు మొహం చూడబుద్ధి కాదు.

ఆ అమ్మాయి మాత్రం నవంబర్ చివర్లోనే కిందికొచ్చి, పచ్చని కొమ్మలు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలు వాళ్లకి ముఖ్యం. కొమ్మల్ని గుండ్రంగా చుట్టి, దాని మీద నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టి, వారానికొకటి చొప్పున ఎక్కువ వెలిగించుకుంటూ పోతారు. ఆగమన కాలపు ఆదివారాలు మా చర్చిలోనూ ఉన్నాయి కానీ ఇంట్లో ఈ పద్ధతి మాకు లేదు. 1839లో హాంబర్గ్‌లో దిక్కులేని పిల్లల కోసం ఆశ్రమం నడిపిన విహెర్న్ అనే పాస్టర్ దీన్ని మొదలుపెట్టాడు. పండగ ఎప్పుడు, ఎప్పుడు అని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే, బండిచక్రం ఒకటి తెచ్చి దాని మీద రోజుకో కొవ్వొత్తి వెలిగించి చూపించాడట. ఆ పాస్టర్ కష్టం టీచర్‌గా నాకు బాగా అర్థమైంది.

మా మరిది బాపట్ల నుంచి వస్తూ సరుగుడు కొమ్మలు తెచ్చాడు. సముద్రం ఒడ్డున ఇసుక నేలల్లో పెరిగేది సరుగుడే. ప్లాస్టిక్ చెట్లు రాకముందు మా ఇంట్లో క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. ఆ అమ్మాయి కొమ్మ తీసుకుని ముందు వాసన చూసింది. చేత్తో నలిపి మళ్లీ చూసింది. వాళ్ల ఫర్ చెట్టు కొమ్మకి బంక వాసన వస్తుందట, గది తలుపు తీయగానే పండగొచ్చిందని తెలుస్తుందట. సరుగుడుకి ఏ వాసనా ఉండదు. సరేలే అనుకుని ఇనుప తీగ చుట్టూ కొమ్మలు కట్టి, చుట్ట తయారు చేసుకుంది.

మొదటి ఆదివారం సాయంత్రం మమ్మల్ని కూడా పైకి పిలిచింది. కొవ్వొత్తి వెలిగించింది. ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది. మళ్లీ ఆరిపోయింది. అందరం తలెత్తి పైకి చూశాం. ఫ్యాను.

ఫ్యాను ఆపింది. కాసేపటికి అత్తయ్య కొంగుతో విసురుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత దోమలొచ్చాయి. డిసెంబర్‌లో గుంటూరు దోమల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కిటికీ తీస్తే దోమలు, మూస్తే ఉక్క, ఫ్యాను వేస్తే దీపం నిలబడదు. జర్మనీలో ఈ పండగకి కావలసినవన్నీ తలుపులు బిగించుకుని, వెచ్చగా, కదలని గాలిలో కూర్చుని చేసుకునేవి. మనకేమో సంవత్సరం పొడవునా గాలి ఆడాలి. ఆ ఒక్క తేడాతో ఎన్ని చిక్కులొచ్చాయో ఆ నెలంతా చూశాను.

అన్నిట్లోకీ నాకు నచ్చింది వాళ్లమ్మ పార్సిల్‌లో పంపిన చెక్క బొమ్మ. వాళ్ల వైపు కొండ ఊళ్లలో, పూర్వం గని పని చేసుకునేవాళ్లు చెక్కడం మొదలుపెట్టిన బొమ్మలివి. కింద గుండ్రటి పళ్లెం మీద మరియమ్మ, యోసేపు, గొర్రెల కాపరులు, ముగ్గురు జ్ఞానులు. మధ్యలో సన్నటి ఇరుసు. పైన పలచటి చెక్క రెక్కలు, ఒక్కొక్కటీ కొంచెం ఏటవాలుగా దూర్చి ఉంటాయి. పళ్లెం చుట్టూ చిన్న కొవ్వొత్తులు పెట్టి వెలిగిస్తే వేడిగాలి పైకి లేచి రెక్కల్ని తోస్తుంది, ఇరుసు తిరుగుతుంది, దాంతోపాటు బొమ్మలన్నీ నెమ్మదిగా తిరుగుతాయి. మోటారు లేదు, బ్యాటరీ లేదు. నేను చెప్పేది ఫిజిక్స్. ఉష్ణ సంవహనం పాఠానికి ఇంతకంటే మంచి పరికరం మా స్కూల్ ల్యాబ్‌లో లేదు. ఒక రోజు అడిగి క్లాసుకి పట్టుకెళ్లాను కూడా.

అది బల్ల మీద పెట్టి ఉండగా మా అమ్మాయి వచ్చి, అలవాటుగా ఫ్యాను స్విచ్ వేసింది. కొవ్వొత్తులు వెలిగించలేదు. బొమ్మ తిరగడం మొదలుపెట్టింది. అయితే వెనక్కి. గాలి కిందినుంచి పైకి పోవాల్సింది పోయి పైనుంచి కిందికి వచ్చింది కదా, రెక్కలు అటువైపు తిరిగాయి. జ్ఞానులు ముగ్గురూ ఒంటెలతో సహా వెనక్కి నడుస్తున్నారు, గొర్రెలు తోకలు ముందు పెట్టుకుని వాళ్ల వెంట. ఫ్యాను ఐదులో ఉంది, కాబట్టి బాగా స్పీడుగా. ఆ అమ్మాయి నోరు మీద చెయ్యి వేసుకుని చూసింది. తర్వాత ఫోన్‌లో వీడియో తీసి వాళ్లమ్మకి పంపింది. పై నుంచి ఆ నవ్వు మా వంటింట్లోకి వినిపించింది. ఇక్కడికొచ్చాక అంత గట్టిగా నవ్వడం నేను అప్పుడే విన్నాను.

ఇక చలి గొడవ. మాకు డిసెంబర్ అంటే చలికాలం. అందులో ఎవరికీ సందేహం లేదు. రాత్రి 18, 19 డిగ్రీలకి పడితే అత్తయ్య స్వెట్టర్ వేసుకుని, మఫ్లర్ చుట్టుకుని, "ఈ ఏడు చలి చంపేస్తోంది" అంటుంది. మావారికి మంకీ క్యాప్ లేనిదే పాల ప్యాకెట్‌కి వెళ్లడం కుదరదు. అదే పొద్దున ఆ అమ్మాయి చేతుల్లేని బనీను వేసుకుని డాబా మీద కాఫీ తాగుతూ ఉంటుంది. మధ్యాహ్నానికి ముప్ఫైకి దగ్గర పడుతుంది, అప్పుడు గొడుగు వేసుకుంటుంది. అత్తయ్య మఫ్లర్ చూసి మొదట్లో ఒంట్లో బాగాలేదేమో అనుకుందట.

"నాకు బెంగ మంచు మీద కాదు, చీకటి మీద" అని ఒకసారి చెప్పింది. ఆ నెలలో వాళ్లకి సాయంత్రం నాలుగింటికే పొద్దుగుంకుతుంది, పొద్దున ఎనిమిదైతే గానీ తెల్లారదు. ఆ చీకటిలో ప్రతి కిటికీలో ఒక దీపం పెడతారు. చీకటి లేకపోతే ఆ దీపానికి విలువేముంది? మా వీధిలో సాయంత్రం ఐదున్నరకి కూడా పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు, బంతి స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది.

పోనీ చలి ఒక్కటైనా చూపిద్దామని మావారికి తోచింది. ఇరవై మూడో తారీకున శాంపిల్స్ తీయడానికి ఆ అమ్మాయి ఎలాగూ కోల్డ్ స్టోరేజీకి వెళ్లాలి. నన్నూ, మా అమ్మాయినీ కూడా రమ్మన్నారు. గుంటూరులో పన్నెండు నెలలూ చలికాలం ఉండే చోటు అదొక్కటే. మందపాటి తలుపు తీసి, ప్లాస్టిక్ తెర తప్పించుకుని లోపలికెళ్తే గుడ్డి వెలుగులో చెక్క అంతస్తులు, వాటి మీద కప్పుదాకా మిర్చి టిక్కీలు. నోటిలోంచి పొగ వస్తోంది. హమాలీలు తలకి తువ్వాళ్లు చుట్టుకుని మెట్లెక్కుతున్నారు. మా అమ్మాయి నోటి పొగతో ఆడుకుంటోంది. నాకు రెండు నిమిషాల్లో పళ్లు కొట్టుకోవడం మొదలైంది, దానికితోడు ఘాటుకి దగ్గు. ఆ అమ్మాయి జర్మనీ నుంచి తెచ్చుకున్న కోటు, ఇక్కడ దిగిన దగ్గర్నుంచీ పెట్టె అడుగున ఉన్నది, ఆ రోజు తొడుక్కుంది. టిక్కీల మధ్య నిలబడి కళ్లు మూసుకుంది. మావారు గర్వంగా, "ఎలా ఉంది?" అన్నారు.

"టెంపరేచర్ కరెక్ట్ సార్. వాసనే తప్పు."

వాసన గురించి మళ్లీ చెబుతాను. దానికి ముందు నిద్ర సంగతి.

మా వీధిలో క్యారల్స్ టీములు రాత్రి పదింటికి బయల్దేరతాయి. ట్రాలీ ఆటోలో కీబోర్డు, ప్యాడ్స్, రెండు పెద్ద స్పీకర్లు, క్రిస్మస్ తాత వేషం వేసిన కుర్రాడు. ప్రతి విశ్వాసి ఇంటి ముందు ఆగి పాడి, ప్రార్థన చేసి, కానుక కవరు, టీ, బిస్కెట్లు తీసుకుని వెళ్లేసరికి ఒంటిగంట, రెండు. వాళ్లు వెళ్లాక కాస్త కన్నంటుకుంటే నాలుగున్నరకి రెండు వీధుల అవతల గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. డిసెంబర్ 16 నుంచి ధనుర్మాసం కదా. ఎదురింటివాళ్లు ముగ్గు వేసుకుని గొబ్బెమ్మలు పెట్టుకుంటుంటే మా గేటుకి స్టారు మెరుస్తూ ఉంటుంది. మాకిది చిన్నప్పటినుంచీ అలవాటే. ఆ అమ్మాయి మాత్రం పొద్దున కళ్ల కింద చారలతో దిగివచ్చి, చాలా మర్యాదగా, "ఇక్కడ జనం డిసెంబర్‌లో ఎప్పుడు పడుకుంటారు?" అని అడిగింది. అత్తయ్య ఆలోచించి, "జనవరిలో" అంది.

క్యారల్స్ అంటే నాకూ ఇష్టమే. మా చిన్నప్పుడు పెట్రోమాక్స్ లైటు పట్టుకుని, ఒక డోలక్కు, రెండు తాళాలతో నడిచి వచ్చేవాళ్లు. పాట వినిపించేది, మాటలు తెలిసేవి. ఇప్పుడు కిటికీ అద్దాలు అదరడం తప్ప ఏం పాడుతున్నారో తెలియదు. ఈ మాట చర్చిలో అంటే నన్ను పాతకాలం మనిషని అంటారు. అననీ.

స్టార్లు చూసి మాత్రం ఆ అమ్మాయి ఎంత సంబరపడిందో! మా వీధిలో డాబాల మీద వెదురు బొంగులకి, గేట్లకి కాగితం స్టార్లు కడతారు కదా, అవి చూడగానే "ఇది మాది" అంది. నాకు మొదట కాస్త కోపమొచ్చింది. తర్వాత విషయం చెప్పింది. వాళ్ల వైపే హెర్న్‌హూట్ అని ఒక ఊరుంది. మొరేవియన్ క్రైస్తవులు కట్టుకున్న ఊరు. వాళ్ల హాస్టల్ పిల్లలకి లెక్కల క్లాసులో రేఖాగణితం నేర్పడానికి పందొమ్మిదో శతాబ్దంలో కాగితంతో స్టారు చేయించడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ఆ ఊళ్లో చేత్తోనే చేస్తారు. మన స్టారు మడిచి అలమరాలో పెట్టేయొచ్చు. వాళ్లది అన్ని వైపులకీ పొడుచుకొచ్చిన పిరమిడ్ ముళ్లతో ఉంటుంది. నలుపలకల ముళ్లు పదిహేడు, మూడు పలకలవి ఎనిమిది, మొత్తం 25. ఇరవయ్యారో వైపు వేలాడదీయడానికి ఖాళీగా వదిలేస్తారు. అలాంటిది ఒకటి అట్టముక్కలతో మా అమ్మాయి చేత చేయించింది. జామెట్రీలో ఎప్పుడూ బొటాబొటీ మార్కులు తెచ్చుకునే పిల్ల కొలతలు వేసి, మడిచి, జిగురు పెట్టి మూడు సాయంత్రాలు కదలకుండా కూర్చుంది. అది మా వరండాలో కట్టాం. పక్కనే మా పాత ఎర్ర స్టారు.

ఆ తర్వాత రొట్టె. డ్రెస్డెన్ వాళ్ల క్రిస్మస్ రొట్టెకి ష్టోలెన్ అని పేరు. మైదా, బోలెడంత వెన్న, ఎండు ద్రాక్ష, బాదం, పంచదార పాకంలో ఊరిన నారింజ తొక్క, పైన మంచులా పంచదార పొడి. కాల్చాక చల్లటి చోట రెండు మూడు వారాలు ఉంచితేనే రుచి వస్తుందట. మా ఇంట్లో అవెన్ లేదు. మాకు తెలిసిన బేకరీకి తీసుకెళ్లాను. డిసెంబర్‌లో పిండి, పంచదార, డాల్డా ఇంటినుంచి పట్టుకెళ్లి మనకి కావలసినట్టు బిస్కెట్లు, కేకులు కాల్పించుకునే అలవాటు మాలో చాలామందికి ఉంది. బేకరీ అతను ముద్ద చూసి, "ఇందులో కోడిగుడ్డు లేదా? సోడా లేదా? మరి ఇంత వెన్నా?" అని అన్నీ అనుమానాలే. నారింజ తొక్క దొరక్క టూటీ ఫ్రూటీ వేశాం. బాగానే కాలింది.

మూడు వారాలు చల్లటి చోట ఉంచడం అన్నది మాత్రం గుంటూరులో జరిగే పని కాదు. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది, బయట పెడితే చీమలు. చివరికి అత్తయ్య రంగంలోకి దిగింది. బేసిన్‌లో నీళ్లు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద రొట్టె డబ్బా పెట్టింది. ఇంట్లో అన్నిటికంటే తక్కువ ఎండ తగిలే చోటు తన మంచం కింద కాబట్టి దాన్ని అక్కడికి తోసింది. రోజూ నీళ్లు మార్చే డ్యూటీ కూడా తనే తీసుకుంది. ఎవరైనా మంచం దగ్గరికొస్తే, "చూసి నడవండి, కింద దొరసాని రొట్టె ఉంది" అని ఒకటే కేకలు.

మా హాల్లో చెట్టు పెట్టిన రోజు జరిగింది కూడా చెప్పాలి. ప్లాస్టిక్ చెట్టే. బెలూన్లు, గంటలు, సీరియల్ లైట్లు అయ్యాక మా అమ్మాయి కొమ్మల మీద పత్తి అంటించడం మొదలుపెట్టింది. మెడికల్ షాపు దూది కాదు, మా తమ్ముడు ప్రత్తిపాడు వైపు చేలోంచి పంపిన గింజ పత్తి. డిసెంబర్ పత్తి తీతల రోజులే కదా. ఆ అమ్మాయి ఒక పత్తి కాయ చేతిలోకి తీసుకుని, "ఇదేంటి?" అంది.

"మంచు" అంది మా అమ్మాయి.

"ఈ ఇంట్లో మంచు చూసినవాళ్లు ఎవరు?"

ఎవరం చూడలేదు. "డీప్ ఫ్రిజ్‌లో చూశాం" అంది అత్తయ్య.

అప్పటిదాకా నాకు తట్టలేదు. సంవత్సరానికి నలభై అయిదు డిగ్రీల ఎండ చూసే ఊళ్లో, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ మీద కూడా దూది జల్లుతాం. క్రిస్మస్ తాతకి ఉన్ని కోటు తొడిగి చెమటలు కక్కిస్తాం. గుంటూరు వచ్చిన మొదటి లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారు పుట్టింది జర్మనీలోనే, హెల్మ్‌స్టెట్ అనే ఊళ్లో. అమెరికా వెళ్లి పాస్టరై, 49 ఏళ్ల వయసులో 1842 జూలై 31న ఇక్కడ దిగాడు. ఆయన తర్వాత కుగ్లరమ్మ, ఇంకా ఎందరో. వాళ్లందరూ చలి దేశాల వాళ్లే, ఈ ఎండలో కూర్చుని తమ పండగ చేసుకున్నవాళ్లే. ఊరి మీద బెంగతో వాళ్లు పెట్టుకున్న గుర్తులే మాకు ఆచారాలయ్యాయని నాకనిపిస్తుంది. పై పోర్షన్‌లో ఈ అమ్మాయి సరుగుడుతో, ఫ్యానుతో పడిన అవస్థలు ఇంచుమించు వాళ్లూ పడే ఉంటారు. వాళ్లకి ఫ్యాను బదులు పంకా.

ఇరవై నాలుగు సాయంత్రం ఆ అమ్మాయి మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఇది పెద్ద సమస్య. వాళ్లకి అసలు పండగ ఇరవై నాలుగు సాయంత్రమే. మాకేమో అది ఊపిరాడని సాయంత్రం. అరిసెల పాకం పొయ్యి మీద ఉంటుంది, బ్లౌజు టైలర్ దగ్గర ఉంటుంది, మటన్ చెప్పి రావాలి, రాత్రి చర్చికి వెళ్లాలి. "ఇవాళ ఎవరైనా భోజనానికి పిలుస్తారా?" అని అత్తయ్య సణుగుతూనే ఉంది. అయినా అందరికంటే ముందు తనే చీర మార్చుకుంది.

వాళ్లింట్లో ఆ రాత్రి వంట చాలా సింపుల్. ఉడకబెట్టిన బంగాళదుంపల సలాడ్, సాసేజీలు. అంతే. పండగపూట ఇంతేనా అని అడిగితే, ఆ రోజు అమ్మ వంటింట్లో ఎక్కువసేపు ఉండకూడదనే అలా పెట్టుకున్నారంది. ఈ పాయింట్ మావారు వినేలా రెండోసారి చెప్పించాను. ఆ సలాడ్‌లో పులియబెట్టిన దోసకాయ ముక్కలు పడాలి. మధ్యాహ్నం అత్తయ్యని "దోసకాయ ఊరగాయ ఉందా?" అని అడిగింది. ఎందుకు లేదూ? అత్తయ్య జాడీలోంచి గరిటెడు దోసావకాయ తీసి ఇచ్చింది. ఆ ఎర్రటి ముద్దని చూసి ఆ అమ్మాయి మాట్లాడకుండా పైకి తీసుకెళ్లి, ముక్కల్ని కుళాయి కింద పెట్టి మూడుసార్లు కడిగి, సలాడ్‌లో కలిపింది. ఎంత కడిగినా ఆవఘాటు ఎక్కడికి పోతుంది? మేమందరం రెండోసారి అడిగి వేయించుకున్నాం. ఆ అమ్మాయి సాసేజీలతో సరిపెట్టుకుంది.

చీకటి పడేదాకా ఆగాం. లైట్లన్నీ ఆపింది, ఫ్యానూ ఆపింది. మమ్మల్ని మెట్ల మీద నిలబెట్టి, లోపల నాలుగు కొవ్వొత్తులూ వెలిగించి చిన్న గంట మోగించింది. గంట వినిపించాకే పిల్లలు లోపలికి రావాలట. అత్తయ్యని కూడా మెట్ల మీదే నిలబెట్టింది. 1818లో ఆస్ట్రియాలో మొదటిసారి పాడిన 'సైలెంట్ నైట్' పాట తనకి జర్మన్‌లో వచ్చు, మాకు తెలుగులో వచ్చు. ఎవరి భాషలో వాళ్లం పాడాం. మధ్యమధ్యలో మావారి చేతిలో దోమల బ్యాట్ టపటపమంటోంది. పాడటం ఆపలేదు, కొట్టడమూ ఆపలేదు.

కానుకల్లో అత్తయ్యకి వాళ్లమ్మ స్వయంగా అల్లిన ఉన్ని మేజోళ్లు వచ్చాయి. వెంటనే తొడుక్కుంది. ఏడున్నరకి, అంటే వాళ్లకి మధ్యాహ్నం మూడింటికి, వీడియో కాల్ కలిపింది. వాళ్లమ్మా నాన్నా కనిపించారు. అత్తయ్య కాళ్లు పైకెత్తి మేజోళ్లు చూపించింది. తర్వాత "మంచు చూపించండి" అంది. వాళ్లమ్మ ఫోను కిటికీ వైపు తిప్పింది. వాన. తడిసిన రోడ్డు, తడిసిన కారు, ఎక్కడా తెలుపన్నది లేదు. ఈ మధ్య వాళ్లకి క్రిస్మస్‌కి మంచు పడటం తక్కువేనట.

అత్తయ్య నా వైపు తిరిగి, "మరి మనమెందుకమ్మాయ్ ఇంత పత్తి పాడుచేసుకున్నాం?" అంది.

ఇరవై అయిదు పొద్దున చర్చి సంగతి రాయడానికేం లేదు. కిక్కిరిసిపోయింది, బయట షామియానా కింద చోటు దొరికింది, ఎండ కొట్టింది. ఇంటికొచ్చి బిర్యానీకి మసాలా వేయించడం మొదలుపెట్టాను. దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, అనాసపువ్వు, జాపత్రి, కాసిని ధనియాలు. మూకుడు వేడెక్కి వాసన లేచింది. పైన తలుపు తెరుచుకున్న చప్పుడు. చెప్పుల్లేకుండా మెట్లు దిగి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఇది మా ఇంటి వాసన."

వాళ్లు డిసెంబర్‌లో చేసే మసాలా బిస్కెట్లలో పడేవి ఇంచుమించు ఇవే. అక్కడ బజార్లలో వేడి ద్రాక్షసారాలో వేసేదీ దాల్చినచెక్క, లవంగమే. కొవ్వొత్తులు, కొమ్మలు, చీకటి అని నెలంతా వెతుక్కున్నది మా పోపులపెట్టెలో ఉంది. "మీ పండగ వాసనంతా మా వైపు సరుకే కదా" అన్నాను. "అందుకే కదా నాకు జీతం ఇస్తున్నారు" అంది. మూకుడు దగ్గరే స్టూలు వేసుకుని, మసాలా చల్లారేదాకా కూర్చుంది. పొడి కొట్టాక ఒక స్పూను అడిగి పొట్లం కట్టుకుంది. బిర్యానీ మాత్రం సగం పెరుగుచట్నీ కలుపుకుంటే గానీ తినలేకపోయింది. అత్తయ్య మంచం కిందినుంచి రొట్టె బయటికి తీశాం. చీమ ఒక్కటి కూడా పట్టలేదు. ఇరుగుపొరుగుకి అరిసెలతోపాటు రొట్టె ముక్క కూడా పంపాం. ఎదురింటావిడ అది టీలో ముంచుకుని తింటే బాగుందని కబురు పెట్టింది. తర్వాత మేమూ అలాగే తిన్నాం.

కొత్త సంవత్సరం అయ్యాక వీధిలో స్టార్లు ఒక్కొక్కటే దిగాయి. మావారు భోగికి ముందే దింపేద్దామని నిచ్చెన తెచ్చారు. ఆ అమ్మాయి వద్దంది. వాళ్ల వైపు ఫిబ్రవరి రెండు దాకా స్టారు తీయరట. బాలయేసుని దేవాలయానికి తీసుకెళ్లిన పండగ ఆ రోజే, అక్కడితో క్రిస్మస్ పూర్తి. నిచ్చెన వెనక్కి వెళ్లింది. భోగి మంటలు అయ్యాయి, కనుమ కూడా అయిపోయింది, మా వరండాలో మాత్రం ఆ ముళ్ల స్టారు రోజూ సాయంత్రం వెలుగుతూనే ఉంది. ఒకరోజు ఎదురింటావిడ గేటు దగ్గర ఆగి, "ఏం పిన్నిగారూ, సంక్రాంతి కూడా వెళ్లిపోయింది, మీ స్టారు ఇంకా దింపలేదే?" అని అడిగింది.

"దొరసాని పండగ ఇంకా అవలేదమ్మా" అంది అత్తయ్య. "అయినా ఆ కరెంటు బిల్లు తనే కడుతోందిలే."